దేశం విడిచి వెళ్ళమన్న ఉత్తర్వును కోర్టు ఎంతవరకు ప్రశ్నించగలదు? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ విషయం రెండు రకాల ఇళ్ళలో చర్చకు వస్తుంది. పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో చదువుతున్న ఇళ్ళు ఒక రకం. విదేశీ పౌరసత్వమున్న కోడలో అల్లుడో ఇక్కడ కాపురముంటున్న కుటుంబాలు, శ్రీసిటీ కర్మాగారాలలో పనిచేసే విదేశీ ఇంజినీర్లకు ఇల్లు అద్దెకిచ్చినవారు, విశ్వవిద్యాలయాలలో విదేశీ విద్యార్థులకు తోడుగా ఉండేవారు రెండో రకం. వీరందరి సందేహమూ ఒకటే: వీసా ఇవ్వడం, బస పొడిగించడం, దేశం నుంచి పంపించివేయడం ప్రభుత్వ విచక్షణకు వదిలిన విషయాలని చట్టమే అంటున్నప్పుడు కోర్టుకు వెళ్ళి ప్రయోజనమేమిటి? కింది సమాధానాలు అవగాహన కోసం రాసినవి. నోటీసు చేతికి వచ్చినవారు దానిని ముందుగా న్యాయవాదికి చూపించాలి.

విచక్షణాధికారం అంటే అధికారి ఇష్టమేనా?

కాదు. చట్టం "చేయాలి" అనకుండా "చేయవచ్చు" అన్నచోట అధికారికి కొంత వెసులుబాటు ఉంటుంది. అయితే చట్టం ఆ వెసులుబాటును ఏ పని కోసం ఇచ్చిందో ఆ పనికే వాడాలి. ఉత్తర్వు ఇచ్చిన అధికారికి అసలు ఆ అధికారం ఉందా, చూడవలసిన విషయాలను చూశాడా, చూడకూడనివి మనసులో పెట్టుకున్నాడా, ఎదుటివారి మాట విన్నాడా, కక్షతో చేశాడా, బుద్ధి ఉన్నవాడెవడూ ఆ కాగితాల మీద అటువంటి నిర్ణయానికి రాడన్నంత అసంబద్ధంగా తేల్చాడా అన్నవి కోర్టు అడిగే ప్రశ్నలు. వీటన్నిటికీ సరైన సమాధానం ఉన్నప్పుడు, ఆ స్థానంలో తాను ఉంటే వేరే నిర్ణయం తీసుకునేదాన్నని న్యాయమూర్తికి అనిపించినా, ఉత్తర్వు నిలుస్తుంది. న్యాయ సమీక్ష అప్పీలు వంటిది కాదు. 1994లో టాటా సెల్యులర్ కేసులో సుప్రీంకోర్టు టెండర్ల సందర్భంలో చెప్పిన ఈ సూత్రం వీసా ఉత్తర్వులకూ వర్తిస్తుంది.

కోర్టు నిర్ణయాన్ని కాక, నిర్ణయం తీసుకున్న తీరునే చూస్తుందంటారు. అది ఆచరణలో ఎలా ఉంటుంది?

టెన్నిస్ క్రీడాకారుడు నొవాక్ జకోవిచ్ కేసును మించిన ఉదాహరణ దొరకదు. 2022 జనవరిలో, కరోనా టీకా వేయించుకోకుండా మెల్‌బోర్న్ విమానాశ్రయంలో దిగిన ఆయనను అధికారులు రాత్రంతా ప్రశ్నించారు. సమాధానం చెప్పుకోవడానికి ఉదయం 8:30 వరకు సమయం ఇస్తామని తెల్లవారుజామున ఒప్పుకుని, 7:42కే వీసా రద్దు చేశారు. లాయరుతో మాట్లాడుకునే అవకాశం అలా పోయింది. జనవరి 10న కోర్టు ఆ రద్దును కొట్టివేసింది. ఆ తీరు సమంజసం కాదని ప్రభుత్వ న్యాయవాదే ఒప్పుకోవలసి వచ్చింది.

నాలుగు రోజులకు ఇమ్మిగ్రేషన్ మంత్రి తన సొంత అధికారాన్ని వాడి వీసాను మళ్ళీ రద్దు చేశారు. ఆ అధికారం కింద అవతలివారి వాదన వినవలసిన పని లేదని ఆస్ట్రేలియా చట్టమే చెబుతుంది. జనవరి 16న ఫెడరల్ కోర్టులోని ముగ్గురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆయన పిటిషన్‌ను కొట్టివేశారు. నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది తమ పని కాదనీ, అది చట్టబద్ధమా అన్నదే తాము చూస్తామనీ స్పష్టం చేశారు. మనిషి ఒకడే, దేశం ఒకటే, టీకా విషయమూ ఒకటే. సమయం ఇస్తామని మాట ఇచ్చి ఇవ్వని నిర్ణయం పడిపోయింది. చట్టం దారి చూపిన నిర్ణయం నిలబడింది.

అంటే మొదటి విజయం చాలా సందర్భాలలో ఫైలును తిరిగి అదే కార్యాలయానికి పంపడంతో ముగుస్తుంది. కోర్టు స్వయంగా వీసా ముద్ర వేయదు. ఇది తెలియక గెలిచిన రోజున మిఠాయిలు పంచి, నెల తరువాత కొత్త ఉత్తర్వు చూసి కంగుతినేవారు ఉంటారు. అలాగని ఆ విజయాన్ని తక్కువచేయనూ కూడదు. రెండోసారి అధికారి కారణాలు రాయాలి, వినాలి, పాత తప్పును మళ్ళీ చేయకూడదు. ఫలితం మారడానికి అది చాలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

విదేశీయుడిని పంపించివేయడానికి భారత ప్రభుత్వానికి ఎంత అధికారం ఉంది?

చాలా ఉంది. 1955లో హాన్స్ ముల్లర్ కేసులో, కలకత్తాలో నిర్బంధంలో ఉన్న ఒక పశ్చిమ జర్మనీ పౌరుడి విషయంలో, 1946 నాటి విదేశీయుల చట్టం కేంద్రానికి విదేశీయులను బహిష్కరించే సంపూర్ణమైన, అడ్డులేని విచక్షణ ఇచ్చిందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నేరస్థుల అప్పగింత వేరు, బహిష్కరణ వేరు అన్న తేడానూ ఆ తీర్పే వివరించింది. అప్పగింతకు మరో దేశం కోరాలి. బహిష్కరణకు ఎవరూ కోరనక్కర లేదు.

1991 నాటి లూయీ డి రేట్ కేసు ఇంకా కఠినంగా కనిపిస్తుంది. ఆయన 1937 నుంచి ఇక్కడే ఉన్న బెల్జియం మతబోధకుడు. అన్నేళ్ళు ఉన్నా, ఉన్నదంతా ఎప్పటికప్పుడు అనుమతి తీసుకుని ఉండడమేననీ, శాశ్వత నివాస సంకల్పం రుజువు కాలేదనీ కోర్టు తేల్చింది. ఎన్నేళ్ళు ఉంటే అంత హక్కు పుడుతుందని మన ఊళ్ళలో ఉన్న నమ్మకానికి ఈ తీర్పులో చోటు లేదు.

1946 చట్టంతో పాటు 1920, 1939, 2000 సంవత్సరాల చట్టాలను తీసివేసి, వాటి స్థానంలో తెచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. పాత తీర్పులు పాత చట్టం మీద ఇచ్చినవే అయినా, బహిష్కరణ అధికారం కొత్త చట్టంలోనూ కొనసాగింది గనుక వాటి ప్రాధాన్యం తగ్గలేదు.

అయితే విదేశీయుడికి రాజ్యాంగ రక్షణ ఏమీ లేదా?

ఉంది. 14, 21 అధికరణాలు "వ్యక్తి" గురించి మాట్లాడతాయి. కాబట్టి చట్టం ముందు సమానత్వం, ప్రాణ స్వేచ్ఛల రక్షణ విదేశీయుడికీ ఉన్నాయి. 19వ అధికరణం మాత్రం "పౌరులు" అంటుంది. దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు అందులోనిది. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల తరఫున వేసిన మొహమ్మద్ సలీముల్లా కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ గీతనే గీసింది. బహిష్కరణకు గురికాకుండా ఉండే హక్కు నివాస హక్కుకు అనుబంధమైనదనీ, అది పౌరులదేననీ అన్నది. అదే ఉత్తర్వులో, నిర్దేశించిన పద్ధతిని పాటించకుండా వారిని పంపకూడదనీ ఆదేశించింది.

ఇక్కడ ఉన్నంతకాలం ప్రాణానికి రక్షణ ఇవ్వవలసిన బాధ్యత రాష్ట్రానిదే. అరుణాచల్ ప్రదేశ్‌లో శరణార్థులుగా వచ్చి ఉంటున్న చక్మాలను స్థానిక సంఘాలు బెదిరించి వెళ్ళగొట్టబోయినప్పుడు, 1996లో జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. 2006లో హసన్ అలీ రైహానీ కేసులో, చట్టబద్ధంగా దేశంలోకి వచ్చినవారిని పంపించే ముందు కారణం తెలియజేసి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. నా దృష్టిలో మన జిల్లాల వారికి ఎక్కువగా పనికివచ్చేది ఈ చిన్న ఉత్తర్వే. ఎందుకంటే ఇక్కడి విదేశీయులలో చాలామంది దొంగతనంగా వచ్చినవారు కారు. వీసాతో వచ్చి, పొడిగింపు దగ్గర చిక్కుకున్నవారు.

"దేశ భద్రత" అని ఒక్క మాట రాస్తే కోర్టు చేతులు కట్టుకుంటుందా?

కొంతవరకు వెనక్కి తగ్గుతుంది. భద్రత ప్రమేయమున్నప్పుడు ముందుగా వినవలసిన నియమాన్ని సడలించవచ్చని 2014లో ఎక్స్ ఆర్మీమెన్స్ ప్రొటెక్షన్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. అయితే 2023 ఏప్రిల్‌లో మీడియావన్ అనే మలయాళ చానల్ కేసులో, గాలిలోంచి భద్రత అనే మాటను తీసి వాడకూడదనీ, సీల్డ్ కవరులో కాగితాలు న్యాయమూర్తికి మాత్రమే చూపి అవతలివారిని చీకటిలో ఉంచడం న్యాయసమ్మతం కాదనీ చెప్పింది. అది ప్రసార అనుమతికి సంబంధించిన వ్యవహారం. వీసా వ్యవహారం కాదు. విదేశీయుడి విషయంలో అంతే గట్టిగా పనిచేస్తుందని హామీ ఇవ్వలేము గాని, పిటిషన్‌లో ప్రస్తావించకుండా వదలవలసిన తీర్పు మాత్రం కాదు.

ఓసీఐ కార్డు ఉన్న బంధువు పరిస్థితి ఏమిటి?

మెరుగైనదే. భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాకపోయినా, పౌరసత్వ చట్టంలోని 7డి నిబంధనలో పేర్కొన్న కారణాల మీదనే రద్దు చేయాలి. 2019 సవరణ ప్రకారం తగిన అవకాశమిచ్చి విన్న తరువాతే రద్దు చేయాలి. వినకపోతే అదొక్కటే పిటిషన్‌కు చాలిన కారణం.

భారతీయుడినే విదేశీయుడని అనుమానిస్తే?

విదేశీయుడు కాదని రుజువు చేసుకోవలసిన భారం ఆ వ్యక్తి మీదనే ఉంటుంది. పాత చట్టంలోనూ కొత్త చట్టంలోనూ అంతే. కానీ ఏ ఆధారమూ లేకుండా వీధిలో ఒకరిని పట్టుకుని నువ్వు విదేశీయుడివి, కాదని నిరూపించుకో అనడం కుదరదని 2024 జులైలో అస్సాంకు చెందిన రహీమ్ అలీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉండడం ఈ దేశంలో మామూలేననీ, దానిని పట్టుకుని మనిషిని పరాయివాడిని చేయకూడదనీ చెప్పింది. ఇంటిపేరు ముందు ఒకసారి, వెనుక ఒకసారి రాసుకునే మనకు ఆ ఇబ్బంది వేరే చెప్పాలా?

తిరుపతిలో నోటీసు అందింది. ఎక్కడికి వెళ్ళాలి?

మన జిల్లాలలో విదేశీయుల నమోదు వ్యవహారాలు చూసేది జిల్లా ఎస్పీ కార్యాలయం. దరఖాస్తులు ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ అనే విదేశీయుల నమోదు పోర్టల్ ద్వారా సాగుతాయి. దేశం విడిచి వెళ్ళాలన్న నోటీసును తిరుపతి లేదా చిత్తూరు జిల్లా కోర్టు రిట్ (ప్రభుత్వ చర్యను సరిదిద్దే ఆదేశం) ద్వారా కొట్టివేయజాలదు. 226వ అధికరణం కింద ఆ అధికారం హైకోర్టుది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ఉన్నది. మొదట ఒక న్యాయమూర్తి వింటారు. అక్కడ ఓడితే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు రిట్ అప్పీలు వేసుకోవచ్చు. మనిషిని నిర్బంధిస్తే, అతన్ని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయాలి. నోటీసులో గడువు ఒకటి రెండు రోజులే ఉన్నప్పుడు అదే రోజు విచారణ కోరుతూ లంచ్ మోషన్, సెలవు రోజయితే హౌస్ మోషన్ వేయడం మన హైకోర్టులో అలవాటైన పద్ధతే.

నోటీసు వచ్చిన కవరును పారేయవద్దు. ఉత్తర్వు మీద ఒక తేదీ ఉంటుంది, తపాలా ముద్ర మీద మరో తేదీ ఉంటుంది, చేతికి అందిన రోజు వేరే ఉంటుంది. జవాబు ఇవ్వడానికి ఏడు రోజులని రాసి, ఆరో రోజున చేతిలో పెడితే, ఆ కవరే మీ ప్రధాన సాక్ష్యం. జవాబును నోటిమాటతో చెప్పి రాకుండా రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, రిజిస్ట్రేషన్ కాగితాలు, గత పొడిగింపుల రసీదులు, పాత ఈమెయిళ్ళు అన్నీ తేదీల వరుసలో పెట్టుకోవాలి. కోర్టు చూసేది నిర్ణయం జరిగిన తీరును అయినప్పుడు, ఆ తీరు కనిపించేది ఈ కాగితాలలోనే. వడ్డించినవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న ధోరణిలో, తెలిసిన అధికారి ఉన్నాడన్న ధీమాతో గడువు దాటించుకోవద్దు.

నిర్బంధంలో ఉన్నవారికి, మహిళలకు 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అది పౌరులకే పరిమితం కాదు.

లాడ్జిలో దిగిన విదేశీ భక్తుడి సంగతి యజమాని చెప్పకపోతే బహిష్కరణ దాకా వెళ్తుందా?

సి-ఫారంగా అందరికీ తెలిసిన సమాచారాన్ని 24 గంటలలోగా పంపవలసిన బాధ్యత బస ఇచ్చినవారిది. యజమాని చేసిన లోపానికి అతిథిని పంపించివేస్తే, సంబంధంలేని విషయాన్ని ఆధారం చేసుకున్నారని వాదించవచ్చు. అంత దూరం రానీయకుండా ఫారం పంపడం సులభం.

అమెరికా కాన్సులేట్ వీసా నిరాకరించింది. ఇక్కడి హైకోర్టులో కేసు వేయవచ్చా?

ప్రయోజనం లేదు. పరాయి దేశ ప్రభుత్వం తన గడప లోపలికి ఎవరిని రానివ్వాలో మన కోర్టు ఆదేశించదు. అమెరికా కోర్టులో కూడా దాదాపు ప్రయోజనం లేదు. అక్కడ కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవన్న సిద్ధాంతం పాతుకుపోయి ఉంది. పౌరుడి హక్కుకు భంగం కలిగినప్పుడు మాత్రం, పైకి చట్టబద్ధంగా, సదుద్దేశంతో ఉన్నట్టు కనిపించే కారణం ఒకటి ఉంటే చాలునని 1972లో మాండెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అన్నది. ఆ చిన్న సందునూ 2024 జూన్ 21న మునోజ్ కేసు ఇంకా ఇరుకు చేసింది. ఒక అమెరికా పౌరురాలి ఎల్ సాల్వడార్ భర్తకు, ఒంటిమీద పచ్చబొట్లు నేర ముఠావన్న అనుమానం తెర వెనుక ఉండగా, వీసా నిరాకరించారు. భర్తను దేశంలోకి రప్పించుకునే ప్రాథమిక హక్కు పౌరురాలికైనా లేదని అయిదుగురు న్యాయమూర్తులు తేల్చారు, ఆరో న్యాయమూర్తి ఫలితంతో మాత్రం ఏకీభవించారు, ముగ్గురు విభేదించారు.

కాబట్టి, తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదంటూ 214(బి) నిబంధన కింద నిరాకరణ వస్తే, మళ్ళీ దరఖాస్తు చేసుకోవడమే మార్గం. ఏడుకొండలవాడి పాదాల చెంత ఉండి కూడా చిలుకూరు వెళ్ళి ప్రదక్షిణలు చేసివచ్చేవారిని తప్పుపట్టను గాని, "కోర్టు ద్వారా వీసా ఇప్పిస్తాం" అని డబ్బు అడిగే కన్సల్టెన్సీకి మాత్రం దూరంగా ఉండమంటాను. కాగితాలో పరిశీలనో పూర్తికాలేదంటూ 221(జి) కింద నెలల తరబడి తేల్చకుండా పెట్టినప్పుడు దారి వేరు. నిర్ణయం ఫలానావిధంగా ఉండాలని కాక, ఏదో ఒకటి తేల్చమని కోరుతూ అమెరికా ఫెడరల్ కోర్టులో మాండమస్ పిటిషన్ వేస్తున్నవారు ఉన్నారు. కొన్ని ఫలిస్తాయి, కొన్నిటిని కోర్టులు తోసిపుచ్చుతాయి.

అమెరికాలో ఇప్పటికే ఉన్నవారికి?

అక్కడ అడుగుపెట్టినవారికి రాజ్యాంగ రక్షణ ఎక్కువ. వినకుండా పంపకూడదన్న మాట 1903 నాటి యమటాయా కేసు నుంచి ఉన్నదే. అయితే 1996లో అమెరికా కాంగ్రెస్, విచక్షణతో ఇచ్చే ఉపశమనాలను సమీక్షించే అధికారాన్ని కోర్టుల నుంచి చాలావరకు తీసివేసింది. రాజ్యాంగ ప్రశ్నలు, చట్టానికి సంబంధించిన ప్రశ్నలు మాత్రం మిగిలాయి. ఆ తరువాతి పోరాటమంతా ఏది చట్ట ప్రశ్న, ఏది విచక్షణ అన్నదాని మీదనే సాగుతోంది.

పటేల్ కేసు ప్రతి తెలుగు విద్యార్థీ తెలుసుకోదగినది. జార్జియాలో ఏళ్ళ తరబడి ఉన్న ఒక భారతీయుడు డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో "అమెరికా పౌరుడిని" అన్న గడిలో టిక్కు పెట్టాడు. పొరపాటున పెట్టానన్నాడు, ఇమ్మిగ్రేషన్ జడ్జి నమ్మలేదు. గ్రీన్‌కార్డు దారి మూసుకుపోయింది. జడ్జి వాస్తవాన్ని తప్పుగా గ్రహించినా, ఆ తప్పును సరిదిద్దే అధికారం తమకు లేదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురుగా చీలి తీర్పునిచ్చింది. ఒక గడిలో ఒక గీత అది. ఓటరు నమోదు, ఉద్యోగం, లైసెన్సు, ఏ ఫారం అయినా ఆ గడి దగ్గర ఆగి చదవాలి.

2024లో రెండు తీర్పులు రెండు వైపులకు లాగాయి. కుటుంబానికి కలిగే అసాధారణ కష్టం చట్టం కోరిన స్థాయిలో ఉందా లేదా అన్నది చట్ట ప్రశ్నేనని, దానిని కోర్టులు చూడవచ్చని మార్చిలో విల్కిన్‌సన్ కేసు చెప్పింది. ఆమోదించిన వలస పిటిషన్‌ను తిరిగి రద్దు చేయడం విచక్షణే గనుక చూడరాదని డిసెంబరులో బౌవార్ఫా కేసు చెప్పింది. హెచ్-1బి పిటిషన్ నిరాకరణను మాత్రం ఫెడరల్ జిల్లా కోర్టులో సవాలు చేయడానికి వీలుంది.

2025లో విద్యార్థుల సేవిస్ రికార్డులు రద్దయినప్పుడు కోర్టులు ఎలా ఆపగలిగాయి?

విదేశీ విద్యార్థుల హోదాను నమోదుచేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ సేవిస్. ఆ వసంతంలో వేలాది విద్యార్థుల రికార్డులను అందులో ముందస్తు నోటీసు లేకుండా రద్దు చేశారు; వారిలో భారతీయులు చాలామంది. పేర్లను నేర సమాచార నిధితో సరిపోల్చి తీసిన జాబితా అది. కొట్టివేసిన చిన్న కేసులు, ట్రాఫిక్ ఉల్లంఘనలు ఉన్నవారూ అందులో చిక్కుకున్నారు. పలు రాష్ట్రాలలో ఫెడరల్ జడ్జీలు తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వులు ఇవ్వడంతో, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరిస్తామని కోర్టుకు చెప్పింది.

ఇక్కడ రెండు విషయాలను వేరుగా చూడాలి. పాస్‌పోర్టులోని వీసాను రద్దు చేయడం విచక్షణ. దానిని కోర్టులు దాదాపు ముట్టవు. అక్కడ ఉండి చదువుకునే హోదాను తొలగించడానికి మాత్రం నిబంధనలలో లెక్కపెట్టి రాసిన కారణాలున్నాయి. వాటికి బయట చేసిన పని విచక్షణ అనిపించుకోదు. నిబంధన ఉల్లంఘన అవుతుంది. విద్యార్థులు నెగ్గింది ఈ రెండో వాదన మీదనే. "వీసా క్యాన్సిల్ అయ్యిందట" అని ఫోన్‌లో ఏడుస్తున్న బిడ్డను, రద్దయింది వీసానా, హోదానా అని ముందుగా అడగాలి.

విమానాశ్రయం నుంచే వెనక్కి పంపితే?

2023 ఆగస్టులో తెలుగు విద్యార్థులు కొందరిని అలా పంపారు. అక్కడ సమీక్షకు అవకాశం అతి తక్కువ. వెంటనే పంపివేసే ఉత్తర్వు ఇస్తే, ఆ వ్యక్తి నిజంగా విదేశీయుడేనా, ఉత్తర్వు నిజంగా జారీ అయిందా, గ్రీన్‌కార్డు లేదా శరణార్థి హోదా ఉన్నవాడా అన్నవి తప్ప కోర్టు మరేదీ చూడదు. అయిదేళ్ళ నిషేధం కూడా పడుతుంది. ప్రవేశ దరఖాస్తును స్వయంగా ఉపసంహరించుకుంటే ఆ నిషేధం ఉండదు. దానికి ఒప్పుకోవడం కూడా అధికారి విచక్షణే.

కెనడా, బ్రిటన్‌లలో గడువులు ఎలా ఉంటాయి?

కెనడా బయట తీసుకున్న నిర్ణయం మీద 60 రోజులలోగా, లోపల తీసుకున్నదాని మీద 15 రోజులలోగా ఫెడరల్ కోర్టు అనుమతి కోరాలి. 2019 నాటి వావిలోవ్ తీర్పు ప్రకారం, అధికారి రాసిన కారణాలు ఒకదాని వెంట ఒకటి అతుకుతున్నాయా అన్నది కోర్టు చూస్తుంది. మూస వాక్యాలతో స్టడీ పర్మిట్ తిరస్కరించినవారికి ఇది ఉపయోగం. బ్రిటన్‌లో ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ మూడు నెలలలోపు వేయాలి. అమెరికాలో తుది బహిష్కరణ ఉత్తర్వు మీద అప్పీళ్ళ కోర్టుకు 30 రోజులు. పిటిషన్ వేసినంత మాత్రాన బహిష్కరణ ఆగదు, స్టే విడిగా కోరాలి.

ఇప్పటికే పంపించివేశారు. కేసు ముగిసినట్టేనా?

ముగియనక్కర లేదు. అమెరికాలో మనిషిని పంపిన తరువాత కూడా అప్పీళ్ళ కోర్టు పిటిషన్‌ను కొనసాగిస్తుంది. గెలిస్తే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. మన హైకోర్టులో వేసిన రిట్‌ను కూడా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పొందిన కుటుంబసభ్యుడి ద్వారా నడుపుకోవచ్చు. వకాలతు, అఫిడవిట్ వంటివి విదేశంలో సంతకం చేయవలసి వస్తే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికారి ముందు సంతకం చేసి ధ్రువీకరింపజేసుకుని పంపాలి. వాట్సాప్‌లో వచ్చిన సంతకం ఫొటోను రిజిస్ట్రీ తీసుకోదు.